పదకొండింటి గంట తర్వాతి కథ కూడా చెప్పాలి

"ఇంత చిన్న ఊరికి గైడ్ ఎందుకు?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, చిన్న ఊరికే గైడ్ కావాలి. బుడాపెస్ట్‌లో పార్లమెంటు భవనం ముందు నిలబడితే ఎవరూ ఏమీ చెప్పకపోయినా చూపు తిప్పుకోలేం. వియన్నాలోనూ అంతే. కోసెగ్ అలా కాదు. అక్కడ పాత ఊరిని ఈ కొస నుంచి ఆ కొసకి పది నిమిషాల్లో దాటేయొచ్చు. చెప్పేవాళ్ళు లేకపోతే మనకి కనిపించేవి రంగు రంగుల గోడలు, నున్నటి రాళ్ళు పరిచిన వీధులు, ఒక చిన్న కోట, ఐస్‌క్రీమ్ షాపులు, అంతే. నాలుగు ఫోటోలు తీసుకుని సాయంత్రం రైలుకి వచ్చేస్తాం. చూశామని కూడా అనుకుంటాం.

కోసెగ్ హంగరీకి పడమటి అంచున, ఆస్ట్రియా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. జనాభా పన్నెండు వేలకి అటూ ఇటూ. వెనకాల కొండలు, ఆ కొండల్లో ఈరోత్‌కో అనే శిఖరం, దాని మీదుగానే సరిహద్దు గీత. హంగరీని ఈ చివర నుంచి ఆ చివరకి కాలినడకన చుట్టేవాళ్ళు నడిచే 'నీలి దారి' కూడా ఆ శిఖరం దగ్గరే మొదలవుతుంది. బుడాపెస్ట్‌లో ఉండే మన తెలుగువాళ్ళు రెండు రోజులు సెలవు దొరికితే వియన్నాకో ప్రాగ్‌కో పోతారు, అదీ కాకపోతే పక్కనే ఉన్న సెంటెండ్రెకి. కోసెగ్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. సోంబత్‌హెయ్‌లో దిగి చిన్న రైలు మారితే అరగంటలో ఊళ్ళో ఉంటాం.

ఈ ఊళ్ళో గైడ్‌లతో నడిచాను. ఒక్కడినే నడిచాను, స్నేహితులతో నడిచాను, ఊరి నుంచి అమ్మ వచ్చినప్పుడు ఆవిడతో నడిచాను. గైడ్‌లు మారినా దారి దాదాపు మారదు. హీరోల గేటు, యూరిషిచ్ చౌక్, రెండు చర్చిలు, చివర్లో కోట. కథా మారదు, 1532 ముట్టడి. అది గొప్ప కథే, దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా నడక అక్కడితో ఆగిపోవడం గురించే. కోసెగ్‌ని చూపించే గైడ్ ఊరిని కాపాడినవాళ్ళ గురించి ఎంతసేపు చెబుతారో, ఊరు పోగొట్టుకున్నవాళ్ళ గురించీ అంతసేపు చెప్పాలని నా వాదన.

ముందు ఆ ముట్టడి సంగతే చూద్దాం, ఎందుకంటే దాన్ని కూడా సగమే చెబుతున్నారు. 1529లో వియన్నాని పట్టుకోలేక వెనక్కి పోయిన తుర్కీ సుల్తాన్ సులేమాన్ 1532లో మళ్ళీ పెద్ద దండుతో బయల్దేరాడు. దారిలో కోసెగ్ అడ్డం వచ్చింది. కోటకి కెప్టెన్ నికోలా యూరిషిచ్. చేతిలో ఉన్నది ఏడెనిమిది వందల మంది, అందులో ఎక్కువ మంది ప్రాణభయంతో కోటలోకి వచ్చి చేరిన పల్లె జనం. అవతల వజీరు ఇబ్రహీం పాషా నడిపిస్తున్న మహాసైన్యం. గోడల కింద సొరంగాలు తవ్వి మందు పెట్టి పేల్చారు, దాడి మీద దాడి చేశారు. ఆగస్టు నెలంతా కోట నిలబడింది. నెలాఖరుకి తుర్కీ సైన్యం కదిలిపోయింది, ఆ ఏడు వియన్నా మీదికి వెళ్ళనే లేదు. శత్రువు పదకొండు గంటలకి కదిలాడని ఊళ్ళో నమ్మకం. అందుకే కోసెగ్‌లో ఇప్పటికీ రోజూ ఉదయం పదకొండింటికి గంటలు మోగుతాయి. హంగరీలో మిగతా ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండింటికి మోగే గంటకి 1456లో బెల్‌గ్రేడ్ దగ్గర తుర్కీ సైన్యం మీద సాధించిన విజయం గుర్తు. కోసెగ్‌కి మాత్రం తన సొంత గంట ఉంది.

గైడ్‌లు ఈ భాగాన్ని మనసు పెట్టి చెబుతారు. సరిగ్గా పదకొండుకి గ్రూపు చౌక్‌లో ఉండేలా నడక వేగం చూసుకుంటారు. గంటలు మోగుతుంటే నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది. అది పోవాలని నేను అనను.

కానీ ఆ ముట్టడి ఎలా ముగిసిందో చాలామంది గైడ్‌లు దాటేస్తారు. అది బేరంతో ముగిసింది. యూరిషిచ్ అప్పటికి గాయపడి ఉన్నాడు, గోడల మీద మనుషులు తగ్గిపోయారు. ఇబ్రహీం పాషాతో మాటలు జరిగాయి. పేరుకి లొంగినట్టు కోట మీద తుర్కీ జెండా ఎత్తారు. ఊరు మాత్రం యూరిషిచ్ చేతిలోనే ఉంది, లోపలున్న ప్రజల ప్రాణాలు దక్కాయి. ఈ యూరిషిచ్ రెండేళ్ళ కిందటే, 1530లో, ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాజు ఫెర్డినాండ్ తరఫున రాయబారిగా ఇస్తాంబుల్ వెళ్ళినవాడు. అవతలివాళ్ళ దర్బారు ఎలా నడుస్తుందో ఎరిగినవాడు. పుట్టింది సముద్రం ఒడ్డున ఉన్న సెన్య్ పట్నంలో, అంటే క్రొయేషియా మనిషి. కాపాడిన ఊళ్ళో జర్మన్ మాట్లాడేవాళ్ళు, హంగేరియన్ మాట్లాడేవాళ్ళు, క్రొయేషియన్లు కలిసి ఉండేవాళ్ళు.

ఇదంతా చెబితే వీరత్వం తగ్గిపోతుందా? నా దృష్టిలో పెరుగుతుంది. ఎప్పుడు పోరాడాలో, ఎప్పుడు జెండా ఎత్తి జనాన్ని కాపాడుకోవాలో తెలిసిన మనిషి నాకు ఉత్త కత్తివీరుడి కన్నా చాలా పెద్దవాడు. పైగా అప్పుడు ఆ ఊరిని కాపాడింది ఏ ఒక్క జాతీ కాదని కూడా అర్థమవుతుంది. ఆ సంగతి ముందే మనసులో పడితే, నాలుగు వందల ఏళ్ళ తర్వాత అదే ఊరికి ఏం జరిగిందో విన్నప్పుడు దాని బరువు తెలుస్తుంది.

ఇక హీరోల గేటు. ప్రతి టూరూ ఇక్కడే మొదలవుతుంది, ప్రతి ఒక్కరూ ఇక్కడే ఫోటో దిగుతారు. ఎత్తైన బురుజు, కింద కమాను, చూడగానే మధ్యయుగాల నాటిదనిపిస్తుంది. కట్టింది 1932లో, ముట్టడి జరిగి నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా. ఈ మాట గైడ్ నోట ఒక్క ముక్కలో వచ్చి వెళ్ళిపోతుంది. నాకైతే ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సిన రాళ్ళు ఇవే. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడాక, 1920లో ట్రియానాన్ ఒప్పందంతో హంగరీ తన భూభాగంలో మూడింట రెండొంతులు పోగొట్టుకుంది. 1921లో పడమటి పల్లెలు ఆస్ట్రియాకి పోయి బుర్గెన్‌లాండ్ అయ్యాయి. కోసెగ్ హంగరీలోనే మిగిలింది కానీ, దాని సంతకి బండ్లు కట్టుకుని వచ్చే పల్లెలు చాలావరకు గీతకి అవతలి వైపు పడ్డాయి. ఒక తరం ముందు వరకు మనవి అనుకున్న పొలాలు ఇప్పుడు పరాయి దేశం. అలాంటి రోజుల్లో ఆ ఊరు తనకోసం ఒక విజయద్వారం కట్టుకుంది. గోడ మీద 1532 అని ఉన్నా, కట్టినవాళ్ళ గుండెల్లో ఉన్నది 1920. ఆ కమాను కింద ఇంకో ఐదు నిమిషాలు ఆగి ఇది చెప్పే గైడ్ దొరికితే, ఇచ్చిన డబ్బు అక్కడే వసూలైనట్టు.

చౌక్‌లోకి వస్తే రెండు చర్చిలు దాదాపు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. సెంట్ యాకబ్ చర్చి పాతది, గోథిక్ కాలం నాటిది, లోపల పాత కుడ్యచిత్రాలున్నాయి. పక్కనే సెంట్ ఇమ్రె చర్చి, 1615కీ 1618కీ మధ్య లేచింది. ఇంత చిన్న చౌక్‌లో పక్కపక్కనే రెండెందుకు? పాతదాంట్లో జర్మన్ మాట్లాడే ప్రొటెస్టెంట్లు ప్రార్థన చేసుకునేవాళ్ళు, హంగేరియన్ మాట్లాడే ప్రొటెస్టెంట్లు తమ భాషలో ప్రార్థన కోసం కొత్తది కట్టుకున్నారు. తర్వాత రెండూ క్యాథలిక్కుల చేతికి వచ్చాయి. ఒకే ఊరు, ఒకే మతం, రెండు భాషలు, రెండు చర్చిలు. కోసెగ్ ఎలాంటి ఊరో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. చాలా టూర్లలో ఇక్కడ వినిపించేది గోపురం ఎత్తు, కిటికీల శైలి.

పక్కనే మందుల షాపు మ్యూజియం ఉంది, బయటి నుంచి చూసి ముందుకి పోవచ్చు. అంతకన్నా చౌక్‌లో గోడంతా నగిషీ ఉన్న ఇంటి దగ్గర ఆగండి. అది రంగు వేసిన గోడ కాదు. ముందు ముదురు సున్నం ఒక పూత, దాని మీద తెల్ల సున్నం ఇంకో పూత, పైది పచ్చిగా ఉండగానే మేకులాంటి పనిముట్టుతో గీకితే కింది ముదురు రంగు బయటపడుతుంది. దగ్గరగా వెళ్ళి చూస్తే ఆ గీత అంచులు కనిపిస్తాయి, కొన్నిచోట్ల చెయ్యి జారినట్టు గీత కాస్త వంకరపోయింది. చెర్నెల్ వీధిలో ఇళ్ళు ఒకే వరసలో ఉండవు. ఒక్కో ఇల్లూ పక్కింటి కన్నా ఒక మూల ముందుకి పొడుచుకొచ్చి, మొత్తం వరస రంపం పళ్ళలా కనబడుతుంది. శత్రువు వీధిలోకి వస్తే ఆ మూలల్లో దాక్కుని దెబ్బ తీయడానికి అలా కట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు.

నాకు ఈ ఊళ్ళో ప్రాణమైన వస్తువు మాత్రం ఒక పుస్తకం. కోసెగ్ ద్రాక్షతోటల ఊరు. 1740 నుంచి ప్రతి ఏటా ఏప్రిల్ 24న, సెయింట్ జార్జ్ పండుగ రోజున, తోటల నుంచి లేత చిగుళ్ళు కోసుకొచ్చి, ఆ ఏడు చిగురు ఎంత పొడుగు వచ్చిందో అలాగే ఒక పుస్తకంలో బొమ్మ గీస్తారు. యుద్ధాలొచ్చాయి, రాజ్యాలు మారాయి, గీయడం ఆగలేదు. ఒక పేజీలో చిగురు వేలెడంత పెరిగి రెండాకులు విప్పుకుని ఉంటుంది. ఇంకో పేజీలో ఉత్త మొగ్గ, కందిగింజంత, చలి వదలని ఏడాది అన్నమాట. పాతకాలపు వసంతాలు ఎంత వెచ్చగా ఉండేవో లెక్కకట్టడానికి వాతావరణ శాస్త్రవేత్తలు ఈ బొమ్మలనే ఆధారం చేసుకున్నారు. ఆ పుస్తకంలో 1944 చిగురు కూడా ఉంది, 1946 చిగురు కూడా ఉంది. నడకలో ఎవరూ మాట్లాడని సంవత్సరాలు అవే.

అమ్మ వచ్చినప్పుడు గైడ్‌గా దొరికినావిడ యాభై దాటిన మనిషి, అదే ఊళ్ళో పుట్టి పెరిగారు. కోట దగ్గర టూరు అయిపోయాక, యూదుల ప్రార్థనా మందిరం, అదే సినగాగ్, కూడా చూపిస్తారా అని అడిగాను. అది మామూలు దారిలో లేదు. పాత ఊరి గోడ బయట, ఒకప్పటి కందకం వెంబడి చుట్టూ తిరిగే వార్‌కోర్ వీధిలో ఉంది. ఆవిడ సరే అని నడిచారు.

వీధికి కాస్త లోపలగా, ముందు రెండు బురుజులతో చిన్న కోటలా ఉంటుంది ఆ కట్టడం. 1859లో కట్టారు. కట్టించింది ఫిలిప్ షెయ్, ఇదే ఊళ్ళో 1798లో పుట్టిన యూదుడు. వియన్నాలో పెద్ద వ్యాపారి అయి, హాబ్స్‌బర్గ్ చక్రవర్తి చేతుల మీదుగా ప్రభువర్గపు హోదా పొందినవాడు. అంత ఎదిగి కూడా పుట్టిన ఊరిని మర్చిపోలేదు. గైడ్ చెబుతున్నది నేను తెలుగులో చెబుతుంటే అమ్మ వింటోంది. అంతా అయ్యాక గైడ్ వైపు తిరిగి, నేను మధ్యలో ఉన్న సంగతే మర్చిపోయి, తెలుగులోనే అడిగింది.

"మరి వాళ్ళంతా ఏమయ్యారమ్మా?"

నేను అనువదించాను. గైడ్ చెప్పారు. 1944 వేసవిలో ఊళ్ళోని యూదులని ఒకచోట పెట్టి, సోంబత్‌హెయ్ మీదుగా ఆష్విట్స్ అనే నాజీ మరణశిబిరానికి పంపేశారు. ఆ చలికాలంలోనే, సోవియట్ల ఎర్ర సైన్యాన్ని ఆపడానికి నాజీలు సరిహద్దు వెంట కందకాలు తవ్వించారు. దానికోసం వేలమంది యూదులని వెట్టికి తోలుకొచ్చి కోసెగ్‌లో పెట్టారు. ఆకలితో, చలితో, టైఫస్‌తో, తూటాలతో వాళ్ళలో చాలామంది ఇక్కడే పోయారు. యుద్ధం అయ్యాక, 1946లో, ఊళ్ళో తరతరాలుగా ఉన్న జర్మన్ కుటుంబాల వంతు వచ్చింది. మోయగలిగిన మూట ఇచ్చి రైలెక్కించారు.

అమ్మ కాసేపు ఊరుకుని ఇంకో మాట అడిగింది. "వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరున్నారు?"

ఇన్నేళ్ళలో ఏ గ్రూపూ ఈ ప్రశ్న వేయలేదన్నారు గైడ్. తర్వాత చాలాసేపు చెప్పారు. జర్మన్లు వదిలిన ఇళ్ళల్లోకి హంగరీలో వేరే ప్రాంతాల నుంచి వచ్చిన భూమిలేని జనాన్ని, చెకోస్లొవేకియా నుంచి వెళ్ళగొట్టబడిన హంగేరియన్లని పెట్టడం ఆ రోజుల్లో దేశమంతా జరిగిన పని. అంటే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ ఇంట్లోకి ఇంకో చోట ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళ పిల్లలు, మనవలే ఇప్పటి ఊరు. ఆ పావుగంటలో విన్నది అంతకుముందు గంటన్నర నడకలో విన్నదానికి ఏమాత్రం తీసిపోదు. ఆవిడకి అన్నీ తెలుసు. చెప్పాలనే కోరికా ఉంది. టూరులో దానికి చోటు లేదు, అంతే.

ఆ తర్వాత నలభై ఏళ్ళు కోసెగ్ ఇనుప తెర నీడలో, అంటే కమ్యూనిస్టు దేశాలని పడమటి యూరప్ నుంచి విడదీసిన మూసిన సరిహద్దు పక్కన ఉంది. సరిహద్దు ప్రాంతం కాబట్టి బయటివాళ్ళు రావాలంటే అనుమతి కాగితం ఉండాలి. ముళ్ళకంచె, కాపలా బురుజులు. అంచున ఉన్న ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలు పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? ప్రధాన రైలుమార్గం అంతకుముందే సోంబత్‌హెయ్ మీదుగా పోయింది. కాబట్టి పాత ఊరు పాత ఊరుగానే మిగిలింది. 1989లో కంచె తీసేశారు. 2007 డిసెంబరు 21న హంగరీ షెంగెన్‌లో, అంటే లోపలి సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమిలో చేరాక సరిహద్దు దగ్గర తనిఖీ కూడా పోయింది. ఇవాళ మనం "ఎంత ముద్దుగా ఉందో, కాలం ఇక్కడ ఆగిపోయింది" అని మురిసిపోతామే, ఆ ముద్దుకి వెనక కారణాల్లో ఇదొకటి. మనుషులని తీసేశారు, తలుపులు మూసేశారు, గోడలు మిగిలాయి. గోడల అందం చూపించి డబ్బు తీసుకునే టూరు ఆ అందం ఎలా మిగిలిందో చెప్పకపోవడం నాకు సబబుగా లేదు.

దీనికి ఎదురువాదం నాకు చాలాసార్లు వినిపించింది, మంచి మనుషుల నుంచే. జనం సెలవుకి వస్తారు, పిల్లలతో వస్తారు, వాళ్ళకి చావుల కథలెందుకు అంటారు. ఒక యువ గైడ్ నాతో ఇంకా సూటిగా అన్నాడు: కోట కథ చెబితే చప్పట్లు కొడతారు, టిప్పు ఇస్తారు. 1944 గురించి చెబితే గ్రూపు మూగబోతుంది, మూడ్ పాడైందని తర్వాత రివ్యూ రాస్తారు. అతని టెన్షన్ నాకు అర్థమైంది. టిప్పు మీద బతికే మనిషిని ధైర్యం చెయ్యమని మనం దూరం నుంచి చెప్పడం తేలిక. అందుకే ఉచితమని చెప్పి చివర్లో టిప్పు అడిగే టూర్ల కన్నా, ముందే ధర చెప్పి తీసుకునే నడకలని ఎంచుకోమంటాను. కూలి ముందే ఖాయమైనప్పుడు గైడ్‌కి శ్రోతల ముఖం చూసి కథ మార్చాల్సిన అవసరం ఉండదు. గ్రూపు కూడా చిన్నది కావాలి. నలభై మందికి చెవుల్లో హెడ్‌సెట్లు పెట్టి గొడుగు ఎత్తి నడిపించే టూరులో మా అమ్మ ఆ ప్రశ్న అడగగలిగేది కాదు.

పిల్లల సంగతంటారా, ముట్టడి కథలో సొరంగాల పేలుళ్ళూ, శవాలూ ఉన్నాయి, అవి చెప్పడానికి ఎవరూ వెనకాడరు. పాతబడిన చావు పండుగ అవుతుంది, దగ్గరి చావు మూడ్ పాడుచేస్తుంది. ఈ తేడా పిల్లల కోసం పెట్టింది కాదు, పెద్దల సౌకర్యం కోసం పెట్టుకున్నది.

ఇంకో అభ్యంతరం, బయటివాడివి నీకెందుకు అన్నది. కోసెగ్‌లో నాకు చుట్టరికం లేదు, ఆ భాష నాకు అరకొరగానే వస్తుంది. కానీ టికెట్టు కొని వచ్చేది బయటివాళ్ళమే, మేం ఏం అడుగుతామో దాన్నిబట్టే టూరు తయారవుతుంది. మేం ఐస్‌క్రీమ్ దాకా నడిపిస్తే చాలంటే, టూరు ఐస్‌క్రీమ్ దాకానే వస్తుంది. పైగా ఊరివాళ్ళు తమకి తాము ఈ పని మొదలుపెట్టే ఉన్నారు. దశాబ్దాల పాటు పాడుబడి ఉన్న ఆ సినగాగ్‌ని బాగుచేసి 2022లో తిరిగి తెరిచారు. భవనం లేచి నిలబడింది. నడక దారి అక్కడిదాకా రావడమే మిగిలింది, అది కోట నుంచి అయిదు నిమిషాల దూరం.

నన్ను దారి వెయ్యమంటే తిరగేసి వేస్తాను. సినగాగ్ దగ్గర మొదలుపెట్టి, వార్‌కోర్ వెంట పాత గోడని చూసుకుంటూ వచ్చి, హీరోల గేటు కింద 1920 సంగతి చెప్పి, పదకొండింటికి చౌక్‌లో రెండు చర్చిల మధ్య నిలబడి గంట వినాలి. అక్కడ యూరిషిచ్ కథ పూర్తిగా, బేరంతో సహా. తర్వాత ద్రాక్ష పుస్తకం, చివరికి కోట. మొత్తం రెండు గంటలకి మించదు. గోపురాల ఎత్తులు, కుటుంబ చిహ్నాల చిట్టా తీసేస్తే ఈ టైము సులువుగా దొరుకుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. హంగరీలో సెప్టెంబరు మూడో వారాంతంలో వారసత్వ దినాలు జరుపుతారు, మామూలుగా మూసి ఉండే భవనాలు చాలా ఊళ్ళలో ఆ రెండు రోజులు తెరుస్తారు, కుదిరితే అప్పుడు వెళ్ళండి. కోసెగ్‌లో గైడ్‌లు ఎక్కువగా హంగేరియన్‌లో, జర్మన్‌లో మాట్లాడతారు కాబట్టి ఇంగ్లీషు కావాలంటే ముందుగా మెయిల్ పెట్టుకోవాలి. ఆ మెయిల్‌లోనే సినగాగ్ కూడా చూపించమని, 1944 గురించి, 1946 గురించి చెప్పమని అడగండి. నేను అడిగినప్పుడు ఎవరూ కాదనలేదు.